పుస్తకం ఎవరి చేతి మీదుగా వచ్చింది?

"మీ జీవితాన్ని మార్చిన పుస్తకం ఏది?" అని అడిగితే ఎవరైనా ఒక పేరు చెబుతారు. ఎవరిదో ఆత్మకథ అనో, ఫలానా నవల అనో, భగవద్గీత అనో. మాట అక్కడితో ఆగిపోతుంది. ఆ పుస్తకం ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, అప్పటికి వయసెంత, ఇంట్లో పరిస్థితి ఏమిటి అని అడిగేవాళ్లు అరుదు. అడిగితే మాత్రం కథ వేరేగా వినిపిస్తుంది. ఒక క్లాసులో అందరూ ఒకే పాఠం చదువుతారు. ఒకరిద్దరిలో అది నాటుకుంటుంది, మిగతావాళ్లు పరీక్ష రాసి మర్చిపోతారు. పుస్తకం అదే, పేజీలు అవే. మరి తేడా ఎక్కడొచ్చింది? పుస్తకం గొప్పతనంలో వెతికితే జవాబు సగమే దొరుకుతుంది. మిగతా సగం అది పాఠకుడి దాకా వచ్చిన దారిలో ఉంటుంది. ఆ రెండో సగం గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకుంటాం.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ దారులు స్పష్టంగా కనిపిస్తాయి. దేవస్థానం అచ్చు వేయించిన పుస్తకాలు ఇంటింటికీ చేరిన చోటు ఇది. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక చుట్టుపక్కల పల్లెల నుంచి ఎన్నో ఇళ్లలో మొదటి డిగ్రీ ఇక్కడే పుట్టింది. ఇప్పుడు పోటీ పరీక్షల కోసం ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి గదులు అద్దెకు తీసుకుని చదువుతున్నారు. ఈ పల్లెల్లోంచే తెలుగు కథకు ఒక కొత్త గొంతు కూడా వచ్చింది.

సర్వేపల్లి రాధాకృష్ణన్ సంగతి తీసుకుందాం. ఆయన 1888లో తిరుత్తణిలో పుట్టారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పటి నుంచి 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా తిరుత్తణి ఈ జిల్లాలోదే. చిన్నప్పుడు తిరుపతిలోని లూథరన్ మిషన్ స్కూల్లో చదివారు. తర్వాత వేలూరు, అక్కణ్ణుంచి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. కాలేజీలో ఏ సబ్జెక్టు తీసుకోవాలన్న ప్రశ్న వచ్చేసరికి, అదే కాలేజీలో చదువు ముగించిన బంధువు ఒకాయన తన తత్వశాస్త్రం పుస్తకాలు తెచ్చి ఇచ్చారు. కొత్తవి కొనే స్తోమత ఇంట్లో లేదు. చేతికొచ్చిన పుస్తకాలే సబ్జెక్టును తేల్చేశాయి. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ పదవి, 1962లో రాష్ట్రపతి పదవి అందరికీ తెలిసినవే. ఆ బంధువు గణితం చదివి ఉంటే ఏం జరిగేదో ఎవరూ చెప్పలేరు.

ఈ ఉదంతాన్ని సాధారణంగా పేదరికాన్ని జయించిన కథగా చెబుతారు. అందులో ఇంకొకటి కూడా ఉంది. ఆ పుస్తకాలు ఎంపిక చేసుకుని కొన్నవి కావు, వాడేసినవి. ఇచ్చినాయనకు ఇక వాటితో పనిలేదు. అయినా ఒక జీవితానికి దిక్కు చూపించాయి. మేధావులు తయారు చేసే "తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు" లాంటి జాబితాలకు ఈ సంగతి అందదు. జాబితాలో ఏ పుస్తకం ఉండాలో చెప్పవచ్చు, అది ఎవరికి ఏ పూట చేరాలో చెప్పలేం.

ఈ పద్ధతి తిరుపతిలో ఇప్పటికీ నడుస్తోంది. యూనివర్సిటీ చుట్టుపక్కల వీధుల్లో, ముగ్గురు నలుగురు కలిసి ఉండే గదుల్లో, సీనియర్‌కు ఉద్యోగం వస్తే బీరువా, మంచం ఓనర్‌కే వదిలేస్తాడు. పుస్తకాలు మాత్రం కింద గదిలో ఉన్న జూనియర్ చేతిలో పెట్టి వెళ్తాడు. అలాంటి ఒక పాలిటీ గైడును దగ్గరగా చూస్తే ఒక మనిషి రెండు మూడేళ్ల జీవితం అందులో ఉంటుంది. మొదటి యాభై పేజీల్లో స్కేలు పెట్టి గీసిన నీలం గీతలు. తర్వాత స్కేలు పోతుంది, గీతలు వంకరవుతాయి. ప్రాథమిక హక్కుల దగ్గర ఎర్ర పెన్నుతో "గ్రూప్‌-2లో వచ్చింది" అని ఉంటుంది. అట్ట ఊడిపోతే న్యూస్ పేపర్ అంటించి ఉంటుంది. ఆఖరి పేజీలో మెస్ బాకీ లెక్క. ఈ పుస్తకం అందుకున్న కుర్రాడికి పాఠంతో పాటు ఇంకో భరోసా కూడా దొరుకుతుంది. ఈ పేజీలు తిప్పినవాడు ఒకడు గట్టెక్కాడన్న భరోసా అది. కొత్త పుస్తకంలో అది ఉండదు.

పోటీ పరీక్షల పుస్తకాలను "చదువు" కింద లెక్కేయని వాళ్లు సాహిత్యాభిమానుల్లో చాలామంది ఉన్నారు. బిట్లు బట్టీ పట్టడం కూడా చదవడమేనా అని అడుగుతారు. ఆ చిన్నచూపు సరైంది కాదు. ఊళ్లో టీ కొట్టు దగ్గర రెండు రకాల గ్లాసులు ఉండేవన్న మాట పెద్దవాళ్ల నోట విని పెరిగిన అమ్మాయి, ఇరవై రెండేళ్లకు పరీక్ష కోసం రాజ్యాంగంలోని ఆర్టికల్ 17 చదువుతుంది. అంటరానితనం రద్దయింది, ఏ రూపంలో పాటించినా నిషేధం. ఒక మార్కు బిట్టు. ఆ బిట్టును చదివే తీరు, బడ్జెట్ అంకెలు గుర్తుపెట్టుకునే తీరు ఒకటి కావు. ఇంట్లో ఎప్పుడూ గొంతు తగ్గించి చెప్పుకున్న విషయం దేశం రాసుకున్న చట్టంలో నంబరుతో సహా ఉందని ఆమెకు తెలుస్తుంది. ఆర్టికల్ 32 దగ్గరకొస్తే, హక్కు పోతే నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లవచ్చని ఉంటుంది. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ రెండు నంబర్లు ఆమెతో ఉంటాయి. రేషన్ కార్డు కోసం ఆఫీసుకు వెళ్లినప్పుడు ఆమె నిలబడే తీరు మారుతుంది. జీవితాన్ని మలిచే పుస్తకం అంటే ఇంతకన్నా ఏం కావాలి?

ఆ రాజ్యాంగం రాసిన డాక్టర్ అంబేద్కర్ జీవితంలోనూ ఒక పుస్తకం ఉంది. ఆయన స్కూలు చదువుల రోజుల్లో పరీక్ష పాసైన సందర్భంగా దాదా కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు, రచయిత తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను బహుమతిగా ఇచ్చారు. ఈ సంగతి అంబేద్కరే రాసుకున్నారు. ఆ పుస్తకం చదివిన మర్నాడే ఆయన బౌద్ధం తీసుకోలేదు. కొలంబియా, లండన్ చదువులు, మహాడ్ చెరువు, నాసిక్ కాలారామ్ గుడి పోరాటాలు, రాజ్యాంగ సభ, ఇవన్నీ మధ్యలో ఉన్నాయి. ఆయన దీక్ష తీసుకున్నది 1956 అక్టోబరు 14న, నాగపూర్‌లో. పుస్తకం చేతికొచ్చిన రోజుకూ ఆ రోజుకూ మధ్య దాదాపు అర్ధ శతాబ్దం ఉంది.

పుస్తకాల ప్రభావం గురించి మాట్లాడేటప్పుడు ఈ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం పెద్ద పొరపాటు. "చదివాను, మారిపోయాను" అన్న మాటలో తొందర ఉంది. వ్యక్తిత్వ వికాసం పేరుతో బస్టాండు షాపుల్లో అమ్ముడుపోయే పుస్తకాలు ఈ తొందర మీదే నడుస్తాయి. చదివిన వారం రోజులు పొద్దున్నే అయిదింటికి లేస్తారు, గోడ మీద టైంటేబుల్ అంటిస్తారు. ఎనిమిదో రోజు మామూలే. వాటిని చదివినవాళ్లను తప్పుపట్టక్కర్లేదు. నిరాశలో ఉన్న మనిషికి వారం రోజుల ఊపు కూడా ఒక్కోసారి ప్రాణం నిలబెడుతుంది. కానీ ఊపు వేరు, మలుపు వేరు. మలుపు తిప్పే పుస్తకం చాలాసార్లు చదివిన రోజున ఏమీ చేసినట్టు కనిపించదు. లోపలికి దిగి ఎక్కడో ఉండిపోతుంది. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఒక చిక్కు ఎదురైనప్పుడు అది పైకి వస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా కనిపించేది గాంధీ ఉదంతం. 1904లో జోహాన్నెస్‌బర్గ్ నుంచి దర్బన్ వెళ్లే రైలు ఎక్కుతుంటే హెన్రీ పోలాక్ అనే మిత్రుడు స్టేషన్‌కు వచ్చి జాన్ రస్కిన్ పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. గాంధీ ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారేసరికి దాని ప్రకారం బతకాలని నిర్ణయించుకున్నారు. ఆ ఏడాదే ఫీనిక్స్ ఆశ్రమం మొదలైంది. ఒక్క రాత్రిలో మారిన జీవితం అంటే ఇదే అనిపిస్తుంది. అయితే ఆయన దర్బన్ ఎందుకు వెళ్తున్నారో చూడాలి. ఆయన నడిపిస్తున్న ఇండియన్ ఒపీనియన్ పత్రిక నష్టాల్లో ఉంది, లెక్కలు గందరగోళంగా ఉన్నాయని కబురు వచ్చింది. పత్రికను ఎలా నిలబెట్టాలి, అందులో పనిచేసేవాళ్లు ఎలా బతకాలి, లాయరుగా తాను సంపాదిస్తున్న డబ్బుకూ వాళ్ల చెమటకూ విలువలో తేడా ఎందుకుండాలి, ఇవన్నీ మనసులో ఉన్నాయి. నాలో లోతుగా ఉన్న నమ్మకాలే ఆ పుస్తకంలో కనిపించాయన్న అర్థం వచ్చేలా ఆయనే రాసుకున్నారు. అంటే ప్రశ్న ముందే ఉంది, పుస్తకం తర్వాత వచ్చింది. అదే పుస్తకం రెండేళ్ల ముందు వచ్చి ఉంటే మంచి పుస్తకమే అని అల్మారాలో పెట్టేవారేమో.

ఇక్కడ పోలాక్ చేసింది చిన్న పని. మిత్రుడి మనసులో ఏం నలుగుతోందో అతనికి తెలుసు. ఎన్నో పుస్తకాలున్నా ఆ పూటకు సరిపోయేదే తెచ్చాడు. కేలుస్కర్ చేసిందీ అంతే. ఒక కుర్రాడి ముఖం చూసి, వీడికి ఇది పనికొస్తుంది అనుకున్నాడు. మంచి ఉపాధ్యాయుడు, మంచి లైబ్రేరియన్ చేసే పని కూడా ఇదే. చదివినవాడి పేరు చరిత్రలో ఉంటుంది, అందించినవాడి పేరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

చిత్తూరు జిల్లా సాహిత్యంలో ఈ అందించే చేతుల కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతున్నప్పుడు, ఇంకా ఇరవై ఏళ్లు నిండకుండానే ఒక కావ్యం రాశారు. పేరు ముసలమ్మ మరణం. తెలుగులో ఆధునిక కావ్యాలకు ఇది మొదలని చాలామంది విమర్శకుల అభిప్రాయం. దీనికి మూలం పురాణాల్లో లేదు. ఇంగ్లిషు అధికారి సి.పి. బ్రౌన్ అచ్చు వేయించిన అనంతపురం చరిత్రలోని ఒక చిన్న ఉదంతం. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగకుండా ఒక రైతు ఇంటి కోడలు ప్రాణం ఇచ్చిందన్న కథ. పాత ఊరి రికార్డులో నాలుగు ముక్కలుగా ఉన్న సంగతి ఒక కాలేజీ కుర్రాడి కంటపడి కావ్యమైంది. చెరువు కట్ట తెగడమంటే ఏమిటో రాయలసీమ కుర్రాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అదే పేజీని కోస్తా కాలవల కింద పెరిగినవాడు చదివితే దాటేసి వెళ్లేవాడేమో.

తర్వాతి తరాల్లో ఈ ప్రాంతానికి ఇంకో పెద్ద అనుభవం ఎదురైంది. తన ఊరు, తన ఇల్లు, తన మాట అచ్చులో చూడటం.

పాకాల ప్రాంతంలోని దామలచెరువులో ఉంటూ బడిపంతులుగా పనిచేసిన మధురాంతకం రాజారాం కథల్లో సీమ పల్లెలు, వానకోసం చూసే రైతులు, నలిగిపోయే మధ్యతరగతి ఇళ్లు కనిపిస్తాయి. 1993లో ఆయన కథలకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పూతలపట్టు ప్రాంతం నుంచి వచ్చిన డాక్టర్ కేశవరెడ్డి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ, నవలల్లో మాత్రం తన ఊరి అడవినీ, ఊరి బయట బతికే మనుషుల్నీ రాశారు. ఇంటికి రాని పందిని వెతుక్కుంటూ ఒక్కడే అడవిలోకి వెళ్లిన ముసలాయన రాత్రే ఆయన నవల అతడు అడవిని జయించాడు. దాన్ని అమెరికన్ రచయిత హెమింగ్వే రాసిన ముసలి జాలరి సముద్రం కథతో పోల్చేవాళ్లున్నారు. పోలిక సరే. చిత్తూరు పల్లెలో పందులు మేపుకునే ఇంటి పిల్లవాడికి ఆ పోలిక అక్కర్లేదు. తన తాత లాంటి మనిషి ఒక నవలకు నాయకుడు కావచ్చని తెలియడమే వాడికి పెద్ద సంగతి.

తిరుపతి దగ్గర మిట్టూరు నుంచి వచ్చిన నామిని సుబ్రమణ్యం నాయుడు ఇంకా ముందుకు వెళ్లారు. కథ చెప్పే మాటను కూడా ఇంటి మాట చేశారు. పిలకాయలు, ఇస్కూలు, సంగటి, చెనిక్కాయలు, కయ్యలు, జేజి. వీటిని బళ్లో మాట్లాడితే అప్పటిదాకా నవ్వేవాళ్లు. "సరిగ్గా మాట్లాడు" అని అయివారు కసిరేవారు. అలాంటి మాటలు పత్రికలో, పుస్తకంలో, చదివినవాళ్లంతా మెచ్చుకునే కథలో కనిపించాయి.

దీని ప్రభావాన్ని తక్కువ అంచనా వేయకూడదు. పాఠ్య పుస్తకాల్లో ఉండే తెలుగు ఒకటి, ఇంట్లో అమ్మ మాట్లాడే తెలుగు ఇంకొకటి అయినప్పుడు పిల్లవాడికి తెలియకుండానే ఒక నమ్మకం ఏర్పడుతుంది. పుస్తకాల్లో ఉండేవాళ్లు మనలాంటి వాళ్లు కాదు, మనం పుస్తకాల్లో ఉండదగ్గవాళ్లం కాదు అని. ఇది ఎవరూ నేర్పిన పాఠం కాదు, పదేళ్ల చదువులో దానంతటదే లోపల పేరుకుంటుంది. ఆ నమ్మకం మీద మొదటి దెబ్బ ఇలాంటి కథతోనే పడుతుంది. మొదట నవ్వొస్తుంది, ఎందుకంటే అది తన ఇంటి మాట. తర్వాత కొంచెం సిగ్గేస్తుంది, ఇంటి గుట్టు బయటపడినట్టు. ఆ తర్వాత ఒక ధైర్యం వస్తుంది. మా నాయన కథ కూడా రాయొచ్చు కదా అన్న ధైర్యం. ఈ ప్రాంతం నుంచి వచ్చిన కథకులు ఇంతమంది ఉండటానికి ఆ ధైర్యం ఒక ముఖ్యమైన కారణమని చెప్పవచ్చు. కథ రాయనివాళ్లకు కూడా అది ఉపయోగపడింది. ఇంటర్వ్యూలో, ఆఫీసులో, హైదరాబాద్ బస్సులో తన యాసను దాచుకోకుండా మాట్లాడగలగడం చిన్న విషయం కాదు.

రాజారాం ఇంట్లో ఇంకో సంగతి కూడా జరిగింది. ఆయన కొడుకు నరేంద్ర ఎస్వీ యూనివర్సిటీలో ఇంగ్లిషు పాఠం చెబుతూ తెలుగులో కథలు, నవలలు రాశారు. 2022లో ఆయన నవలకు కూడా కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పుస్తకాలున్న ఇంట్లో పెరిగిన పిల్లలకు పుస్తకం విలువ గురించి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. అవి మంచం కిందా గూట్లోనూ ఉంటాయి, చేతికి తగులుతాయి. ఏ సాయంత్రమో ఊరికే తీసి చదువుతారు. అన్ని ఇళ్లూ అలా ఉండవు కాబట్టే బయట లైబ్రరీ కావాలి.

అందని పుస్తకం ఎంత గొప్పదైనా ఎవరి జీవితాన్నీ తాకదు అనడానికి తిరుమల కన్నా పెద్ద సాక్ష్యం లేదు. తాళ్లపాక అన్నమాచార్యుల కాలం 1408 నుంచి 1503 దాకా. ఆయన సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి గుడిలోపల ఒక రాతి గదిలో భద్రపరిచారు. 1920ల దాకా అవి అక్కడే ఉన్నాయి. జనం నోట నిలిచిన కొన్ని పాటలు తప్ప మిగతావి శతాబ్దాల పాటు ఎవరికీ తెలియవు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్లు ఆ రేకులు చదివి, పరిష్కరించి, అచ్చుకు తెచ్చారు. రాళ్లపల్లివారు పాటలకు స్వరాలు కూడా కూర్చారు. ముప్ఫై రెండు వేలు రాశారని చెప్పే వాటిలో ఇప్పటికి దొరికినవి పన్నెండు వేలకు పైగా ఉన్నాయి. బ్రహ్మమొక్కటే అన్న పాట అయిదు వందల ఏళ్ల కిందట రాసిందే. అందులోని సమానత్వం మాట ఇప్పటి మనిషిని తాకుతోందంటే రాసినవారితో పాటు రేకులు మోసుకొచ్చినవాళ్లకూ అందులో వాటా ఉంది.

తరిగొండ వెంగమాంబ విషయంలో ఈ పని సగంలో ఆగింది. పద్దెనిమిదో శతాబ్దంలో చిన్నవయసులోనే భర్తను కోల్పోయిన మనిషి ఆమె. ఊళ్లో మాటలు పడి, తిరుమల చేరి, కావ్యాలూ ద్విపదలూ యక్షగానాలూ రాశారు. తనకు ఓనమాలు కూడా గురువులెవరూ నేర్పలేదని తన కావ్యంలోనే చెప్పుకున్నారు. తిరుమలలో అన్నప్రసాదం పెట్టే భవనానికి ఆమె పేరే ఉంది. రోజూ వేలమంది ఆ పేరు కింద భోంచేస్తారు. ఆమె రాసినవి చదివినవాళ్లు మాత్రం బాగా తక్కువ. చదువుకోనివ్వని కాలంలో రాసిన ఆడమనిషి పుస్తకం ఇప్పటి ఇంటర్ అమ్మాయి చేతికి సులువైన తెలుగు వివరణతో అందితే ఎంత బాగుంటుందో. ఆ అమ్మాయికి పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అయితే ఇంకా.

దేవస్థానం ప్రచురణల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పోతన భాగవతం, కవిత్రయ భారతం లాంటి పెద్ద గ్రంథాలను అర్థాలతో సహా తక్కువ ధరకు అచ్చు వేసి అమ్మడం వల్ల ఎన్నో తెలుగు ఇళ్లలోకి మొదటి పుస్తకం తిరుపతి నుంచే వెళ్లింది. పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని పద్యం కూడబలుక్కుంటూ చదువుతుంటే పక్కన కూర్చున్న మనవడికి తెలుగు ఛందస్సు చెవిన పడింది. భక్తి కోసం తెచ్చిన పుస్తకం భాషను కూడా ఇచ్చింది.

అయితే పుస్తకాన్ని నమ్మి దాని మీదే ఆనుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. దాని గురించి గట్టిగా మాట్లాడిన మనిషి కూడా ఇక్కడివాడే. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. తన కోసం పెట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేసి, ఏ గురువూ ఏ గ్రంథమూ మీ బదులు ఆలోచించదని జీవితాంతం చెప్పారు. ఆ మాటలు ఇవాళ మనకు పుస్తకాలుగానే అందుతున్నాయి కాబట్టి ఆయన మాటకు విలువ తగ్గిందనుకోకూడదు. పుస్తకంతో పోట్లాడమని ఆయన నేర్పిన పాఠం. ఒకే పుస్తకాన్ని పట్టుకుని అన్ని ప్రశ్నలకూ జవాబు అందులోనే ఉందనుకునే పాఠకుడు చదవడం మానేసినట్టే లెక్క. కట్టమంచి రామలింగారెడ్డి కూడా 1914లో కవిత్వతత్త్వవిచారము రాసి పాత కావ్యాలను నిలదీస్తే పండితులకు కోపం వచ్చింది. చదివిన పుస్తకాన్ని ప్రశ్నించే ఆ అలవాటు మన బళ్లలో ఇప్పటికీ తక్కువే.

ఇక అసలు సమస్య. ఇచ్చే బంధువు లేని, పుస్తకాలున్న ఇల్లు లేని పిల్లలకు ఎవరు అందించాలి? దీనికి చట్టం ఉంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వెళ్తాయి. ఇల్లున్న ప్రతివాళ్లూ లైబ్రరీకి డబ్బు కడుతూనే ఉన్నారు. చాలామందికి ఆ సంగతే తెలియదు. వసూలు చేసిన పన్నును పంచాయతీలు, మున్సిపాలిటీలు గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ చేయకపోవడం రాష్ట్రమంతా ఉన్న పాత జబ్బు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన పోటీలు, బహుమతులు బాగానే ఉంటాయి. ఆ వారం అయ్యాక కొత్త పుస్తకాలు ఎన్ని వచ్చాయని అడిగేవాళ్లు కావాలి.

ఈ ప్రాంతంలోని ఏ లైబ్రరీలోనైనా ఇప్పుడు ఎక్కువగా కనిపించేది పోటీ పరీక్షల పిల్లలే. గేటు తీయకముందే వచ్చి బ్యాగు పెట్టి కుర్చీ పట్టుకుంటారు. వాటర్ బాటిల్, టిఫిన్ డబ్బా, సొంత పుస్తకాలు. లైబ్రరీ పుస్తకాలతో వాళ్లకు పని తక్కువ, కుర్చీతో ఫ్యానుతో పని. వాళ్లు కూర్చునే చోటికి పది అడుగుల దూరంలో కథల అల్మారా ఉంటుంది. అందులోంచి పాత కథల సంపుటి ఒకటి తీసి వెనక అట్ట లోపల అంటించిన తేదీల కాగితం చూస్తే, ఒకప్పుడు నెలకు ముగ్గురు నలుగురు తీసుకెళ్లిన పుస్తకం తర్వాత ఏళ్ల తరబడి కదల్లేదని తెలుస్తుంది. డీఎస్సీ టెన్షన్‌లో ఉన్న అమ్మాయిని కథలు చదవమని ఎవరూ బలవంతపెట్టలేరు, పెట్టకూడదు కూడా. కానీ మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లు మూతలు పడే అరగంట ఒకటుంటుంది. ఆ అరగంటలో చేతికి తగిలేలా నాలుగు కథల పుస్తకాలు, మన జిల్లా రచయితలవి, చదువుకునే బల్లల మీదే పెట్టి ఉంచితే చాలు. బడ్జెట్ అక్కర్లేదు, ఆర్డరు అక్కర్లేదు.

బళ్ల సంగతి ఇంకా దగ్గరది. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పుస్తకాలు లేవనడం పూర్తిగా నిజం కాదు. చాలా చోట్ల ఏదో ఒక పథకం కింద వచ్చిన పుస్తకాలు హెడ్మాస్టర్ గదిలో ఇనుప బీరువాలో ఉంటాయి, బీరువాకు తాళం ఉంటుంది. అయివార్లను తప్పుపట్టడం తేలిక. వాళ్ల భయం వేరు. ప్రతి పుస్తకం స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కి ఉంటుంది. బదిలీ అయినప్పుడు లెక్క అప్పజెప్పాలి. పోతే జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టిన మనిషే. పిల్లలకిస్తే పుస్తకం చినుగుతుంది, పోతుంది, అవ్వ దాంట్లో బొరుగులు పొట్లం కడుతుంది. ఇవన్నీ నిజమే. ఈ భయం ఉన్నంతకాలం, పుస్తకం ప్రేమించే అయివారు కూడా తాళం తీయడానికి వెనకాడతారు. తీసినవాళ్లు తమ జేబు డబ్బుతో ధైర్యం చేసినవాళ్లే.

కాబట్టి పుస్తకాల విలువ మీద పిల్లలకు ఇంకో ఉపన్యాసం కన్నా రిజిస్టర్‌లో ఒక చిన్న మార్పు ఎక్కువ పనిచేస్తుంది. ఏటా బడిలో ఉన్న పుస్తకాల్లో ఇన్ని చదివి అరిగిపోయాయి, ఇన్ని పిల్లల దగ్గరే ఉండిపోయాయి అని రాసి హెడ్మాస్టర్ సంతకంతో కొట్టేసే వీలుండాలి. ఆ లెక్కకు ఆడిట్‌లో అభ్యంతరం రాకూడదు. ఇప్పుడున్న కాలమ్‌ల పక్కన "పిల్లల దగ్గర ఉన్నవి" అని ఇంకో కాలమ్ గీయడానికి జిల్లా విద్యాశాఖ నుంచి ఒక సర్క్యులర్ చాలు.